రెండో గ్లాసు

సినిమా స్క్రిప్టు రాయడానికి ఎజ్రా ఆళ్లగడ్డ నుంచి వచ్చి, నంద్యాలలో మేడ మీద గది అద్దెకు తీసుకున్నాడు. స్క్రిప్టులోని మొగుడి మాటలు తన గొంతుతో, పెళ్లాం మాటలు గొంతు సన్నం చేసి పైకి చదివితే గానీ అతనికి రాసినదాని మీద నమ్మకం కుదరదు.

ఒక సాయంత్రం కింద ఉండే ఇంటి ఓనరు గోవిందమ్మ రెండు గ్లాసుల టీ తెచ్చి గుమ్మం బయట పెట్టింది.

"మీ ఇంటామెతో ఎందుకప్పా అట్లా కొట్లాడతాండావ్? ఇద్దరూ తాగండి."

తనకు పెళ్లే కాలేదని చెప్పబోయి ఎజ్రా ఆ మాట మింగేశాడు. ఆనాటి నుంచి రోజూ రెండు గ్లాసులు వచ్చేవి. రెండూ అతనే తాగేవాడు.

ఇవాళ హైదరాబాదు నుంచి డైరెక్టరు ఫోన్ చేశాడు.

"ఇంటర్వెల్‌కి భార్య ఇల్లొదిలి వెళ్లిపోవాలన్నాను కదా, రాశావా?"

బల్ల మీద రెండో గ్లాసు ఇంకా పొగలు కక్కుతోంది.

"ఆమె యాడికీ పోదు సార్," అన్నాడు ఎజ్రా. "టీ తాగుతాంది."