చుక్క నెత్తురు రాలని ఆపరేషన్

నేను ఒక క్లాంపుని. చూడ్డానికి కత్తెరలా ఉంటాను గానీ కోయను, పట్టుకుంటాను. కాలేయం ఆపరేషన్‌లో దానికి నెత్తురు మోసుకొచ్చే గొట్టాల కట్టను నా దవడల మధ్య బిగిస్తారు. పైన ఎంత కోసినా నెత్తురు పొంగదు. కానీ నెత్తురందని కాలేయం మెల్లగా చస్తుంది. అందుకే నా మొదటి యజమాని, పెద్ద డాక్టరు జగ్గారావుగారు ఒక రివాజు పెట్టారు: పదిహేను నిమిషాలు బిగింపు, ఐదు నిమిషాలు వదులు. సిస్టర్ ఎస్తేరు గడియారం చూసి అరవాలి. ఆయన "విన్నానమ్మా" అనేదాకా అరుస్తూనే ఉండాలి.

ఆయన రిటైరయ్యాక శిష్యుడు సుధీంద్ర చేతికొచ్చాను. మంచి చేతులు. కెమెరాకి ఇంకా మంచి మొహం.

ఆ రోజు విశాఖలో డాక్టర్ల సభ. మా ఆపరేషన్ థియేటర్లో జరిగేది అక్కడ తెర మీద కనబడుతుంది. బల్ల మీద పైడమ్మ, చేపలమ్ముకునే మనిషి. కాలేయంలో గడ్డ. గడ్డ లేని భాగమూ అప్పటికే సగం చెడింది.

"బాబూ, నెల తిరిగీసరికి గంప ఎత్తుకోగల్నా?"

"పరిగెత్తుతావు."

ఆమె మత్తులోకి జారగానే సుధీంద్ర ఎస్తేరు వైపు తిరిగాడు. "ఇవాళ టైము అరవకండి సిస్టర్. మైకులో చేపల బజారులా ఉంటుంది."

నన్ను బిగించాడు.

పదిహేను. ఎస్తేరు చెయ్యెత్తింది. సుధీంద్ర చూడలేదు. సభలో ఎవరో "ఒక్క చుక్క లేదండీ!" అన్నారు. చప్పట్లు. ముప్పై. కాలేయం నల్లబడుతోంది. నలభై ఐదు. ఎస్తేరు చెయ్యి నా పిడి దాకా వచ్చింది.

"చెయ్యి తియ్యండి," అన్నాడు, నవ్వు చెదరకుండా.

తీసేసింది. నేనూ వదల్లేదు. పట్టుకోవడమే నాకు తెలుసు.

యాభై ఎనిమిదో నిమిషంలో నన్ను విప్పి కెమెరాకి చూపించాడు. సభ లేచి నిలబడింది.

నాలుగో రోజుకి పైడమ్మ కళ్లు పచ్చబడ్డాయి. ఆరో రోజు పోయింది. చావు కాగితంలో 'జబ్బు ముదిరింది' అని రాశారు. కింద ఎస్తేరు సంతకం కూడా ఉంది.

ఇప్పుడు సుధీంద్ర గదిలో, అద్దాల పెట్టెలో, మఖమల్ మీద ఉన్నాను. మొన్న పైడమ్మ కూతురు కాగితం కోసం వచ్చి నా ముందు నిలబడింది.

"ఇదేటి బాబూ?"

"మీ అమ్మ ఒంట్లోంచి చుక్క నెత్తురు పోకుండా ఆపింది ఇదే," అన్నాడు సుధీంద్ర.

ఆ పిల్ల చెప్పులు విడిచి, నాకు దండం పెట్టింది.