రెండో సీసా

కొనడానికొచ్చిన మనిషి మొహం నేను పెద్దగా చూడను. ఏమడుగుతాడో వింటాను. ల్యాబ్‌లకు సరుకు అమ్మే ఈ వ్యాపారంలో ఇరవై రెండేళ్లుగా నన్ను కాపాడింది నా చెవులే. ఆ రోజు కౌంటర్లో నా చెవులు లేవు. మా బావమరిది ఉన్నాడు.

నేను భోజనం చేసి వచ్చేసరికి వాడు హుషారుగా ఉన్నాడు.

“బావా, నరాలు పెంచే ప్రోటీన్ రెండు సీసాలూ అమ్ముడుపోయాయి. ఎలుకలాయనొచ్చాడు.”

ఎలుకలాయన అంటే కాలేజీ ల్యాబ్‌లో ఎలుకలకు మేత వేసి, బోనులు కడిగే అటెండరు. ప్రొఫెసరమ్మ తరఫున సరుకు తీసుకెళ్లేది ఎప్పుడూ ఆయనే. అనుమానించడానికేమీ లేదు. కానీ సరుకు ఎంత శుభ్రమో రాసి సీసాలతో పాటు ఇచ్చే పరీక్ష కాగితం కౌంటర్ మీదే పడుంది. అది లేకుండా వెళ్తే ఆవిడ గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తారు.

“కాగితం మర్చిపోయాడా?”

“వద్దన్నాడు. ఇవాళ కబుర్లెక్కువయ్యాయి బావా ఆయనకి. ఇది మనిషిదేనా అన్నాడు. డబ్బా మీద రాసుందిగా, మనిషిదే అన్నా. ఎక్కిస్తే మంట పుడుతుందా అన్నాడు. ఎలుకనడిగి మీరే నాకు చెప్పాలి అన్నా.” వాడు పగలబడి నవ్వాడు.

ఎలుకకు మంట పుడుతుందేమోనని ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

ప్రొఫెసరమ్మకు ఫోన్ చేశాను. “నేనేం తెమ్మనలేదే. ఆయనివాళ సెలవు,” అన్నారు.

“వాళ్లింట్లో ఎవరికైనా బాగోలేదా మేడమ్?”

“భార్యకి షుగర్. వేళ్లకి స్పర్శ పోయి కుట్టుపని మానేసిందట. ఎందుకండీ?”

చెప్పాను. ఆవిడ వాళ్లిల్లు ఎక్కడో గబగబా చెప్పి, “తొందరగా వెళ్లండి,” అన్నారు.

ఆ సీసా చూస్తే ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. అడుగున కంటికి ఆనని పొడి. మనిషి జన్యువును సూక్ష్మజీవిలో పెట్టి, దాని చేత చేయించి, కడిగి ఆరబెట్టిన ప్రోటీన్. మనిషిదే, కానీ మనిషి కోసం కాదు. గాజు పళ్లెంలో పెంచే కణాల కోసం, మహా అయితే ఎలుకల కోసం. ఆ సూక్ష్మజీవి మురికి రవ్వంత మిగిలి ఒంట్లో కలిస్తే వణుకు, జ్వరం, ఒక్కోసారి రక్తపోటు పడిపోవడం. ఎంతకు ఎంత ముప్పో ఎవరూ లెక్క కట్టలేదు. లెక్క తెలియని బేరమంటే నాకు మొదటి నుంచీ భయం. బావమరిది బండి తీస్తే వెనక ఎక్కాను. ఆ పరీక్ష కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మూడో అంతస్తు. తలుపు ఓరగా తీసి ఉంది. గుడ్డ కప్పిన కుట్టుమిషను మీద సిరంజి, రెండు సీసాలు. ఒకదానికి మూత లేదు. పక్కన ఆయన భార్య పట్టపగలు దుప్పటి కప్పుకుని కూర్చుంది.

“వేసేశావా?”

“గంటైంది సార్. ఏం ఫర్లేదు. రోజూ ఇన్సులిన్ వేసే చెయ్యేగా నాది.”

“అది ఎలుకల కోసమయ్యా!”

“ఎలుకలకి పనిచేసింది సార్. కాళ్లీడ్చుకు తిరిగేవి మూడు వారాల్లో బోనెక్కాయి. నా కళ్లతో చూశా.”

“నన్ను ఎలుకల్లో కలిపేశాడు చూడండన్నయ్యా,” అందామె. నవ్వబోయింది కానీ పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

మిగిలిన సీసా జేబులో వేసుకుని ఆమెను లేవదీశాను. ఒళ్లు పెనంలా కాలుతోంది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, “ఏం ఎక్కించారు?”

ఎలుకలాయన తల దించుకున్నాడు. బావమరిది నా వైపు చూశాడు. నోరు విప్పితే నా కొట్టు మూతపడొచ్చు. విప్పకపోతే ఈ మనిషి పోవచ్చు. ఆ రెండూ తూచడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఆ క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

కాగితం తీసిచ్చాను. డాక్టరు వేలు ఒక్కో వరుస మీదా ఆగుతూ కిందికి దిగింది. “మురికి శాతం తక్కువే ఉంది. కానీ దీన్ని మనిషికి ఎక్కించిన లెక్క ఇందులో ఎక్కడా లేదు. కనిపెట్టుకుని ఉండాలి,” అన్నాడు.

రక్తపోటు పడింది. సెలైన్ పెట్టారు. మళ్లీ పడింది. గోడ గడియారం కింద ముగ్గురం నిలబడే ఉన్నాం. కూర్చుంటే ఏదో అయిపోతుందన్నట్టు. సాయంత్రానికి జ్వరం దిగింది. డాక్టరు ఆమె వేలి కొనను సూదితో గుచ్చి చూశాడు. ఆమెకు తెలియలేదు. అది ఎలుకలాయన చూశాడు.

వరండాలోకొచ్చి నా చేతులు పట్టుకున్నాడు. “దాని ప్రాణం నిలబెట్టారు సార్.” కళ్లు తుడుచుకుని గొంతు తగ్గించాడు. “ఎలుకలు కూడా మొదటి సూదికి ముడుచుకుని పడుకున్నాయి సార్. కదలిక రెండోదానికే వచ్చింది. ఆ సీసా... మీ దగ్గరే ఉంది కదూ?”

మధ్యాహ్నం పడ్డ భయం దీని ముందు ఏపాటిది!

చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి నడిచి, ఆయన చూస్తుండగానే సీసా మూత లాగి, కుళాయి కింద పెట్టాను. ఖాళీ అయిందో లేదో కంటికి తెలియదు. అందుకే నీళ్లు చాలాసేపు వదిలాను.