కడుపులో కూర్చున్న దొర

బాలనర్సమ్మ నా కళ్ల ముందే కక్కుకుంది. నేను ఆమె గడప మీద కర్రతో మూడుసార్లు కొట్టి, "గడికి రావాలె, వడ్లు దంచాలె" అన్నాను. అంతే. చంటిదానికి పాలిస్తున్నదల్లా లేచి వచ్చి, గోడ పట్టుకొని పచ్చటి పైత్యం కక్కింది. కొంగుతో మూతి తుడుచుకొని, "వస్తున్న సైదన్నా" అంది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు ఇంత సిగ్గు ఉండేది కాదు.

సూర్యాపేటలో చదువుకునే తమ్ముళ్లు, మిర్యాలగూడలో బస్తాలు మోసే అన్నలు చదువుతారని, జైల్లో నేర్చుకున్న అక్షరాలతో ఇది రాస్తున్నాను. నా పేరు సైదయ్య. మా ఊరు గరిడేపల్లికి రెండు కోసుల దూరం. నలభై ఏడో సంవత్సరం దాకా మా దొర గడిలో, కోటలాంటి ఆ ఇంట్లో, పిలుపు పని నాది. తెల్లవారకముందే ఇల్లిల్లూ తిరిగి, ఆ రోజు వెట్టికి ఎవరు రావాలో చెప్పాలి. వెట్టి అంటే కూలి లేని చాకిరి. నేనూ వెట్టివాణ్నే. కాని చేతిలో కర్ర ఉంది కదా, మిగతావాళ్లకంటే ఒక మెట్టు పైనున్నాననుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

ఆ ఏడు మా వాడకు ఏదో గాలి సోకిందని అందరం నమ్మాం. బాలనర్సమ్మకు పాలు ఎండిపోతున్నాయి. రెండేళ్ల కింద ఆమె మొదటి బిడ్డ పాలు లేకనే పోయింది. ఆమె మొగుడు మట్టయ్య దొర ఎడ్లు కాసే జీతగాడు. చేతులు వణికి నీళ్ల ముంత కూడా పట్టుకోలేడు. ముసలి బక్కమ్మకు కంటిమీద కునుకు లేదు. గడి మెట్లెక్కేటప్పుడు నా కాళ్లలో సత్తువ పోయేది. మైసమ్మకు మేకను కోశాం. ఇంటింటికీ వేపమండలు కట్టాం. ఆనవాయితీ ప్రకారం మేక తొడ దొరకే పోయింది. గాలి మాత్రం వాడలోనే ఉండిపోయింది.

అప్పుడే కోదాడ వైపు నుంచి, వెట్టి చెయ్యొద్దని ఊరూరా చెప్పే సంఘం మనిషి పద్మమ్మ వచ్చింది. ఒక మధ్యాహ్నం బట్టలు ఉతికే వంకతో ఆడవాళ్లు, ఎడ్లకు నీళ్లు తాపే వంకతో మగవాళ్లు వాగు దగ్గర చేరారు. నేను దూరంగా కూర్చున్నాను. దగ్గరకు రమ్మని నన్నెవరూ పిలవలేదు. ఎట్లా పిలుస్తారు?

"ఈ వాంతులు ఎప్పుడొస్తాయి నర్సమ్మా?" పద్మమ్మ అడిగింది.

"తెల్లారంగ."

"రోజూనా?"

"రోజు అయితది. నడుమ ఎనిమిది దినాలు మంచిగుండె. మైసమ్మ దయ తలిచిందనుకున్న."

"ఎప్పుడది?"

"దొర పట్నం పోయిండు సూడు, గప్పుడు."

చీర పిండుతున్న బక్కమ్మ ఆగిపోయింది. "ఓసి! గప్పుడు నేను సుత పొద్దెక్కేదాంక పండుకున్ననే."

మట్టయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. "గా ఎనిమిది దినాలు నా ముంత ఒలకలె" అన్నాడు.

మేకను కోసి దండాలు పెట్టిన మా తెలివికి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"గాలీ లేదు, దయ్యమూ లేదు" అంది పద్మమ్మ. "దొర గడిలో ఉన్నాడనుకుంటున్నారు. మీ కడుపులో కూర్చున్నాడు. ఏళ్ల తరబడి భయంతో పని చేసే ఒంటికి తిన్నది అరగదు, నిద్ర పట్టదు, పాలు పడవు."

మట్టయ్య కస్సుమన్నాడు. "చెప్పుడు అల్కనే. దొరకు తుపాకి ఉంది, పోలీసులున్నరు. భయం ఎట్ల పోతది?"

"పోదు. మీ పొలిమేర దాటుతుంటే నాకూ నోరెండిపోయింది. భయపడుతూనే పని మానెయ్యాలి. ఒక్కరు మానేస్తే చంపుతాడు. వాడ మొత్తం మానేస్తే ఎంతమందిని చంపుతాడు?"

"నేనైతే పోను" అంది బాలనర్సమ్మ. "మొదటిది పాయె. ఇది సుత పోతే నేనెందుకు బతకాలె? కొడితే కొట్టనీ."

బక్కమ్మ నా వైపు తిరిగింది. "కర్ర సప్పుడినంగనే దీనికి కక్కొస్తది. గా కర్ర ఎవనిదిరా సైదా?"

ఆ వాగు నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. మొదటి బిడ్డ పోయిన రోజు కూడా బాలనర్సమ్మను పిలిచింది నేనే. పిల్లకు నలతగా ఉందని ఆమె అంటే, "దొరకు నేనేం చెప్పాలె?" అని కసిరాను. ఆమె గడిలో వడ్లు దంచుతుండగా పిల్ల ఇంట్లో ప్రాణం విడిచింది.

"రేపు పిలువను" అన్నాను. ఎవరూ మెచ్చుకోలేదు. "సూద్దాం" అంది బక్కమ్మ.

మరునాడు పొద్దెక్కినా గడిలో రోకలి చప్పుడు లేదు. దొర మనుషులు నన్ను ఈడ్చుకుపోయి గడి ముందు నిలబెట్టారు. వాడంతా వెనకే వచ్చింది. దొర అరుగు మీద కూర్చున్నాడు.

"పిలిచినవా లేదా?"

దారి పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చిన మాట గొంతు దాటలేదు. నా పంచె తడిసింది. కాళ్ల కింద మట్టి తడిసింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని, నా పిల్లలిద్దరూ చూస్తుండగా!

దొర పగలబడి నవ్వాడు. "సూడుండ్రి, మీ సంఘపోని మొగతనం!"

వెనక నవ్వు కోసం ఎదురుచూశాను. రాలేదు. బక్కమ్మ వచ్చి ఆ తడిలోనే నా పక్కన నిలబడింది. "నాకు నిద్ర పట్టది దొరా. ఇగ నేను రాను."

మట్టయ్య వణికే చేతులు ఎత్తి చూపాడు. "ఇవి నీ కొలువులనే గిట్లయినయ్. నేను రాను."

ఒకరికి గుండెదడ, ఇంకొకరికి కడుపుమంట. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేక దాచుకున్న రోగాలన్నీ గడి ముందు బయటపడ్డాయి. ప్రతి ఒక్కరి మాటా "రాను" అన్న దగ్గరే ఆగింది. చివరికి బాలనర్సమ్మ చంటిదాన్ని ఎత్తి పట్టుకుంది. "దీనికి పాలు కావాలె. నేను రాను."

అప్పుడు నాకు గొంతు వచ్చింది. "పిలువను దొరా" అని అరిచాను. దొర నవ్వడం లేదు.

బిడ్డ బతికింది. బాలనర్సమ్మకు పాలు పడడానికి నెల దాటింది. అందాకా వాడలో పాలిచ్చే తల్లులు వంతులేసుకొని తాగించారు. పిలుపు పనికి దొర ఇంకొకరి కోసం వెదికితే ఒక్కడూ దొరకలేదు. ఇవన్నీ నేను జైల్లో విన్న సంగతులు. ఎందుకంటే ఆ సాయంత్రమే పోలీసులు వచ్చి నన్ను తాడుతో బండికి కట్టారు.

బండి కదిలే ముందు బాలనర్సమ్మ దగ్గరకు వచ్చింది.

"సైదన్నా, నా మొదటి బిడ్డను నేను మరువ. నీ మీద కోపం సుత పోలె" అంది. "అయినా నీ పిల్లలను మేం సూస్కుంటం. పరేషాన్ గాకు."

బండి కదిలింది. వెనక వాడంతా నడిచి వచ్చింది. పొలిమేర దగ్గర పోలీసు జమేదారు లాఠీ ఎత్తి వెనక్కి పొమ్మన్నాడు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు.