నిత్యానందం గారి పంపు

ఆ పంపు ఎవరిదో చెప్పింది గానీ, అతను ఎలా పోయాడో మాత్రం గాయత్రి సరిగ్గా చెప్పలేదు. ప్రసన్నకుమారికి మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

ఏలూరులో షుగరు డాక్టరు గారి క్లినిక్కులో గాయత్రి పనిచేస్తుంది. వచ్చినవాళ్ళకి ఇంజెక్షను వేసుకోవడం, తినేదాన్ని బట్టి మందు లెక్క చూసుకోవడం నేర్పుతుంది. ప్రసన్నకుమారి ఆ క్లినిక్కుకి పాత మనిషి. పదమూడో ఏట షుగరు వచ్చింది, ఇప్పుడు ముప్ఫై ఎనిమిది. ఎయిడెడ్ హైస్కూల్లో లెక్కల టీచరు. రోజుకి నాలుగు ఇంజెక్షన్లు తప్పకుండా వేసుకుంటున్నా, ఆ ఏడు రెండుసార్లు క్లాసులోనే షుగరు పడిపోయింది. రెండోసారి బోర్డు మీద రాస్తున్న లెక్క సగంలో వదిలేసి కూలబడిపోతే, పిల్లలు భయపడి కేకలు పెట్టారు.

"ఇక పంపు గురించి ఆలోచించాలమ్మా" అన్నారు డాక్టరు గారు.

నడుముకి తగిలించుకునే చిన్న మిషను అది. అందులోంచి సన్నటి గొట్టం ఒకటి వచ్చి పొట్ట మీద చర్మం కిందకి దిగుతుంది. రోజంతా చుక్క చుక్కగా ఇన్సులిన్ అందుతుంది. తిన్నప్పుడు మీట నొక్కి మరికాస్త ఇచ్చుకోవాలి. కొత్తది కొనడం వాళ్ళ వల్ల కాదు. ఆ సంగతి తెలిసే గాయత్రి ఫోను చేసింది.

"పెదపాడు అవతల ఒకావిడ దగ్గరుందండీ. వాళ్ళాయనది, నిత్యానందం గారని. ఎనిమిది నెలలే వాడారు. ఆయన పోయారు."

"ఎలా పోయారండీ?"

"అది... గుండెనొప్పి అన్నట్టు విన్నానండీ. ఆవిడ్నే అడగండి. నచ్చితే మాత్రం ముందు మా దగ్గరికి తీసుకురండి. డాక్టరు గారు పరీక్ష చేయించకుండా పెట్టుకోకూడదు."

ప్రసన్న ఆవిడకి ఫోను చేసింది. పేరు గంగాభవాని. గొంతు బాగా చిన్నగా ఉంది. "చేపలు పట్టే రోజండీ. చెరువు గట్టు మీద పడిపోయారు. గుండె అన్నారు" అని, ఇంకేమీ అడగనివ్వకుండా పెట్టేసింది. పది నిమిషాలకి ఇంకో నంబరు నుంచి మగగొంతు. ఆవిడ బావగారట.

"మిషను శుభ్రంగా ఉందండీ. దానివల్ల ఏమీ జరగలేదు. అలాంటిదేమీ పెట్టుకోకండి మనసులో."

తను అడగలేదే! అడగని దానికి జవాబెందుకు చెప్తున్నాడు?

భర్త విశ్వాసానికి చెబితే, అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లులో ఎలక్ట్రీషియను అతను. రోజూ పొద్దున్నే రైలెక్కి వెళ్తాడు, చీకటిపడ్డాక వస్తాడు.

"కాలిపోయిన మోటారుకి రంగేసి అమ్మేవాళ్ళని రోజూ చూస్తా ప్రసన్నా. ఇది నీ ఒంట్లోకి మందు పంపే మోటారు. వద్దు."

"చూసొద్దామండీ. చూస్తే ఏం పోయింది?"

రెండో శనివారం బడి లేదు. విశ్వాసం కూడా సెలవు పెట్టాడు. బస్సు దిగేసరికి పదిన్నరయింది. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు. చేపలకి గాలి అందించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. దిగినచోటే వీరరాఘవమ్మ అనే పెద్దావిడ బడ్డీకొట్టు ఉంటే, అక్కడ దారి అడిగారు.

"నిత్యానందం గారింట్లో పంపు అమ్ముతున్నారంటండీ..."

"ఎన్ని హార్స్ పవరు?" అంది వీరరాఘవమ్మ. తర్వాత ప్రసన్న మొహం చూసి, "ఓ, ఆ మిషనా! నడుముకి పెట్టుకునేది?" అని గొంతు తగ్గించింది. "అది కొంటున్నావా అమ్మాయ్? ఆయన్ని తీసుకుపోయింది అదే గదా. ఆగిపోయిందంట. పెళ్ళాం దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇంటికెవరైనా వచ్చి అడిగినా చూపించేది కాదు."

విశ్వాసం ప్రసన్న వైపు చూశాడు. మనుషులు ముగ్గురు, సంగతులు మూడు. ఒకరు గుండె అంటారు, ఒకరు ఏమీ జరగలేదంటారు, ఒకరు మిషనే అంటారు. తిరుగు బస్సు ఎదురుగానే వస్తోంది. ఎక్కేద్దామా అనిపించింది. కానీ బోర్డు ముందు కూలబడ్డ రోజు గుర్తొచ్చి నడిచింది.

గంగాభవాని వయసు ముప్ఫై దాటి ఉంటుంది. ఇద్దరికీ కుర్చీలేసి, మంచినీళ్ళిచ్చి, లోపలికెళ్ళి తువ్వాల్లో చుట్టిన మిషను తెచ్చి బల్ల మీద పెట్టింది. తువ్వాలు మాత్రం విప్పలేదు. విప్పింది ప్రసన్నే. నీలంరంగు మిషను, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఒక్క గీతైనా లేదు. సెల్లు పెట్టేచోటు ఖాళీగా ఉంది.

ప్రసన్న సంచిలోంచి పెన్సిల్ సెల్లు తీసింది.

"సెల్లు వేయకండి" అంది గంగాభవాని.

"వేసి చూడకుండా ఎలా తీసుకుంటామండీ?"

"అలా అయితే వద్దులెండి. మీకు శ్రమయింది." మిషను కోసం చెయ్యి చాపి, సగంలో వెనక్కి తీసుకుంది.

"పద ప్రసన్నా" అన్నాడు విశ్వాసం లేచి. "చూపించనిదాన్ని కొనడమేంటి?" చెప్పులేసుకుని వీధి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ప్రసన్న లేవలేదు. పదిహేనేళ్ళ నుంచి పిల్లలకి పాఠం చెబుతోంది. కాపీ కొట్టినవాడు తన కాగితం వంక అస్సలు చూడడు. ఈవిడ కూడా, తాము వచ్చినప్పట్నుంచి ఆ మిషను వంక ఒక్కసారీ చూడలేదు. మోసం చేసేవాళ్ళు సరుకుని మెచ్చుకుంటారు. ఈవిడ దానికి భయపడుతోంది.

"భవాని గారూ, నాకూ షుగరేనండీ, పాతికేళ్ళ నుంచి. ఇది నా ఒంటికి తగిలించుకోవాలి. మీకు దీని గురించి తెలిసిందేదో ఉంది. అది చెప్పకుండా నన్ను పంపకండి."

గంగాభవాని గడప వైపు చూస్తూ చెప్పింది.

"పోయే ముందు రోజు మధ్యాహ్నమండీ. అంతకుముందు రాత్రంతా గట్టు మీదే ఉన్నారు, అన్నం తిని పడుకున్నారు. ఇది కీచుకీచుమని మొదలెట్టింది. ఆయన లేస్తారని నేనే నొక్కాను. ఏం నొక్కానో తెలీదు. ఊరుకుంది. సాయంత్రం నేను మా అక్కగారింటికెళ్ళి, ఆయన నిద్రపోయాక వచ్చాను. ఆయనతో చెప్పడం మర్చిపోయాను. తెల్లారి చేపలు పడుతుంటే పడిపోయారు. ఆస్పత్రిలో గుండె అని రాశారు. మందు ఆగిపోతే మాత్రం గుండె ఆగదా అండీ?"

"ఎవరికైనా చెప్పారా?"

"మా బావగారికి. ఎవరికీ చెప్పకు, నేను చూసుకుంటానన్నారు. కాలవలో పారేద్దామనుకున్నాను. ఎవరికైనా పనికొస్తుందేమోనని గాయత్రి గారికి చెప్పాను. సెల్లు వేస్తే నేనేం చేశానో మీకు తెలిసిపోతుంది."

"తెలుసుకుందామా?" అంది ప్రసన్న మెల్లగా.

గంగాభవాని మొహం పక్కకి తిప్పుకుంది. "వేయండి."

సెల్లు వేయగానే మిషను బుయ్యిమని అదిరి, తెర వెలిగింది. గాయత్రి ఒకసారి క్లినిక్కులో చూపించిన తీరు గుర్తుచేసుకుంటూ, ప్రసన్న ఒక్కో మీటా నొక్కి పాత లెక్కల్లోకి వెళ్ళింది. మిషను ఎప్పుడేం చేసిందీ గంటలతో సహా రాసుకుంటుంది. ఆయన పోయిన తేదీ అడిగి, ఆ రోజువీ ముందు రోజువీ లెక్కలు పట్టుకుంది.

"మధ్యాహ్నం మూడు పన్నెండుకి మోగింది. ఇక్కడ రాసుందండీ, లోపల మందు తక్కువగా ఉందని. ఆగిపోయానని కాదు, అయిపోవస్తోంది నింపుకోమని. మీరు నొక్కింది ఆ చప్పుడు ఆపే మీట. మందు ఆపాలంటే వేరే రెండు మూడు మీటలు వరసగా నొక్కాలి. ఎవరైనా ఆపితే, ఆపారని రాసుకుంటుంది. ఆ మాట ఎక్కడా లేదు. నాలుగింటికి, అయిదింటికి, ఆరింటికి మందు వెళ్తూనే ఉంది. ఏడు నలభైకి కొత్తగా నింపారు."

"ఎవరు?"

"ఆయనే. ఇంకెవరు నింపుతారండీ? ఎనిమిదింపావుకి అన్నానికి మందు ఇచ్చుకున్నారు. తెల్లారి ఆరు నలభైకి షుగరు చూసుకుని ఇందులో ఎక్కించారు, నూట అరవై ఎనిమిది. టిఫినుకీ ఇచ్చుకున్నారు. పదకొండు దాటాక, బహుశా ఆస్పత్రిలో ఒంటి మీంచి తీసినప్పుడనుకుంటా, అప్పుడు ఆపారు. గుండె ఎందుకాగిందో ఇది చెప్పలేదు భవాని గారూ. మీరు నొక్కినందుకు మందు ఆగలేదని మాత్రం చెబుతోంది."

ఆవిడ ఏడుస్తుందనుకుంది ప్రసన్న. ఏడవలేదు. మొదటిసారి మిషను వంక, ఆ తర్వాత ప్రసన్న వంక తేరిపార చూసింది. ఆ చూపు మెత్తగా లేదు.

"అదంతా ఇంగ్లీషులో ఉంది. నాకు రాదు. మీకు మిషను కావాలి. నేను ఇవ్వాలని ఇలా చెప్తున్నారా?"

ప్రసన్నకి మొహం మీద కొట్టినట్టయింది. కోపం వచ్చింది కూడా. పొద్దున్నుంచి తను ఈవిడ్ని ఎన్ని రకాలుగా అనుమానించిందో తలుచుకుంటే ఆ కోపం నిలవలేదు. తనైనా అలాగే అడిగేది.

"నాకు ఇవ్వకండి" అంది. "గాయత్రి గారి దగ్గరికి మీరే తీసుకెళ్ళండి. నొక్కిన సంగతి చెప్పకండి, నేను చూశాననీ చెప్పకండి. ఆ రెండు రోజుల లెక్క చదివి పెట్టమనండి, అంతే. నేను ఆవిడకి ఫోను చేయను. విన్నాక దీన్ని ఎవరికిస్తారో మీ ఇష్టం."

సెల్లు అందులోనే వదిలేసి వచ్చేసింది. బస్సులో విశ్వాసం అంతా విని, "మంచి మిషను అన్నమాట. చేతిలోకి వచ్చినదాన్ని వదిలేశావు" అన్నాడు.

"మీరేగదా వద్దన్నారు?"

"అప్పుడు అనుమానం. ఇప్పుడు లేదు" అన్నాడతను.

ప్రసన్నకి ఉంది. ఆ బావగారు ఈలోగా ఇంకెవరికైనా అమ్మేస్తాడని, ఆవిడ క్లినిక్కుకే వెళ్ళదని, తను చదవడంలో ఏదైనా తప్పు జరిగి ఉంటే ఎలాగని. గాయత్రికి ఫోను చేయాలని నాలుగుసార్లు నంబరు తీసి, మాటిచ్చానని మానేసింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గంగాభవాని స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో అదే తువ్వాలు.

"రెండుసార్లు చదివించానండీ. మళ్ళీ అడిగితే గాయత్రి గారు కాస్త విసుక్కున్నారు" అంది. "మీరు చెప్పిందే చెప్పారు. గంటలతో సహా."

ఇద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. అప్పుడు ఏడ్చింది ఆవిడ, పిల్లలు చూస్తారని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. కళ్ళు తుడుచుకుని, తువ్వాలుతో సహా మిషను ప్రసన్న ఒళ్ళో పెట్టింది.

"క్లినిక్కులో ఇది నా లెక్కలకి మారుస్తారు. ఆయనవి చెరిపేస్తారు. కాగితం మీద రాసిమ్మంటారా?" అని అడిగింది ప్రసన్న.

"వద్దండీ. సాయంత్రం ఆయనే నింపుకున్నారని తెలిసింది. చాలు."

డాక్టరు గారు మిషన్ని రెండు వారాలు పరీక్షకి ఉంచారు. కొత్త గొట్టాలు తెప్పించి, ప్రసన్న లెక్కలు ఎక్కించి, జనవరిలో పెట్టారు. ఎంత తిన్నా ఫరవాలేదని స్టాఫురూములో వాళ్ళు అనుకున్నారు గానీ, అలాంటిదేమీ కాదు. మూడు రోజులకోసారి గొట్టం మార్చాలి, స్నానానికి తీయాలి, ఎటు తిరిగి పడుకోవాలన్నా ఆలోచించాలి. వేలు గుచ్చి చూసుకోవడం తప్పదు. మొదటి నెలంతా ఆమె దాన్ని దొంగని చూసినట్టే చూసింది. చప్పుడు చేస్తే ఎందుకని, చేయకపోతే పనిచేస్తోందా అని.

ఫిబ్రవరిలో ఒకరోజు మూడో పీరియడుకి నోరెండిపోయింది. వేలు గుచ్చితే మూడు వందల నలభై. మిషను మాత్రం మందు ఇస్తున్నానంటోంది. వీరరాఘవమ్మ మాటలు చెవిలో వినపడ్డాయి. ఆగిపోయిందంట! గొట్టం పీకేసి, బ్యాగులో ఉంచుకున్న సిరంజితో ఇన్సులిన్ వేసుకుని, ఆటోలో క్లినిక్కుకి వెళ్ళింది.

"ఇది నన్ను కూడా తీసుకుపోయేదండీ" అంది గాయత్రితో.

గాయత్రి పీకేసిన గొట్టం కొస వెలుతురులో పట్టి చూసింది. చర్మం కింద ఉండాల్సిన ముక్క మడతపడిపోయింది. "లంగా బొందు ఎక్కడ కడతారండీ?" అని అడిగింది. సరిగ్గా ఆ గొట్టం దిగినచోటే. బిగించిన ముడి కింద నలిగిపోయింది. ఆ రోజు నుంచి బొందుకి దూరంగా, పక్కకి జరిపి పెట్టుకుంటోంది. ఇన్సులిన్, సిరంజి మాత్రం బ్యాగులోంచి తీయలేదు, తీయొద్దనే గాయత్రి కూడా చెప్పింది.

ఏప్రిల్లో గుడ్ ఫ్రైడే వచ్చింది. పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో ఆరాధన, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఒక్కోదానికీ ప్రసంగం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రసన్న ఒక్కసారీ పూర్తిగా కూర్చోలేదు. పొద్దున వేసుకున్న మందుకి సమయానికి తినకపోతే షుగరు పడిపోతుంది. అందుకని మూడో మాట అవగానే లేచి, అందరి చూపులూ దాటుకుంటూ బయటికి వెళ్ళి, మెట్ల మీద బిస్కెట్లు తినేది. ఈసారి డాక్టరు గార్ని అడిగి, మిషనులో ఆ మూడు గంటలకి మందు కాస్త తగ్గించుకుంది. పర్సులో గ్లూకోజు బిళ్ళలు పెట్టుకుంది.

మూడో మాట అయింది. లేవలేదు. పక్కనున్నావిడ జరిగి దారి ఇవ్వబోయింది, అలవాటుకొద్దీ. ప్రసన్న తల అడ్డంగా ఊపింది. నాలుగో మాటప్పుడు పైట చాటున వేలు గుచ్చి చూసుకుంటే నూట ముప్ఫై. నమ్మకం కుదరక ఆరో మాటప్పుడు మళ్ళీ చూసుకుంది. నూట పద్దెనిమిది. ఏడో మాట కూడా విని, అందరితోపాటు నిలబడి ఆఖరి పాట పాడి, ఎండలో ఇంటికి నడిచి వెళ్ళి, మూడున్నరకి విశ్వాసం ఎదురుగా కూర్చుని అన్నం తింది.