లుబ్నా చెయ్యి పడితే చాలు

సోమవారం మధ్యాహ్నం లుబ్నాకు ఇంటర్వ్యూ ఉంది. పెళ్లయిన కొత్తలో ఆమె హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది. అఫ్షీన్ పుట్టాక ఆ పని మానేసి, భర్త ఉద్యోగం కోసం దేశం దాటి వుడ్‌ల్యాండ్స్‌లోని ఈ ఫ్లాట్‌కొచ్చి ఇల్లు చూసుకుంటూ ఉండిపోయింది. ఇప్పుడు కూతురు సెకండరీ స్కూలుకొచ్చింది. అమ్మ పక్కన నిలబడితేనే చిరాకు పడే వయసు. దాంతో లుబ్నా మళ్లీ ఉద్యోగాల వేట మొదలుపెట్టింది. ఎన్ని చోట్ల దరఖాస్తు పెట్టినా, ఇన్నేళ్ల ఖాళీ చూసి అందరూ మొహం చాటేశారు. ఒక్క కంపెనీ మాత్రం వీడియోలో మాట్లాడదామంది. మాట్లాడుతూనే స్క్రీన్ మీద ఒక చిన్న పరీక్ష కూడా చేసి చూపించాలట.

ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌కేమో వయసు మళ్లింది. వీడియో తెరిస్తే మిగతా పనులన్నీ నత్తనడక నడుస్తాయి. అది చూసి సాదత్‌కు భార్య మీద ప్రేమ పొంగింది. ఆఫీసులో అతను సరుకుల ఓడల లెక్కలు చూసే మేనేజరు. ఇంట్లో మాత్రం అన్నిటికీ తనే మెకానిక్కు. కిందటేడు అతను వంటింటి కుళాయి బాగుచేస్తే కింది ఫ్లాటువాళ్లు బకెట్ పట్టుకుని పైకొచ్చారు.

"మెమరీ తక్కువైంది లుబ్నా. ఇంకోటి తెచ్చి వేస్తే గుర్రం లెక్క ఉరుకుతది. అదంత నేను చూసుకుంట, నువ్వు చదువుకో."

శనివారం పొద్దున్నే వెళ్లి కొత్త మెమరీ తెచ్చాడు. వేలెడంత పొడుగున్న పచ్చని పట్టీ. డైనింగ్ టేబుల్ మీద ఉతికిన దుప్పటి పరిచి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఆపరేషన్ చేసే డాక్టరులా అందరినీ బయటికి పంపేశాడు. కొంతసేపటికి లోపలి నుంచి "అయిపోయింది!" అని కేక వినిపించింది. అందరూ వెళ్లి చూస్తే, లాప్‌టాప్ నిజంగానే గుర్రమైంది. నొక్కడమే ఆలస్యం, ప్రతిదీ టక్కున తెరుచుకుంటోంది. వరంగల్ నుంచి కొడుకు దగ్గర కొన్నాళ్లు ఉండటానికొచ్చిన అన్వరి బేగం "మాషా అల్లా! నా కొడుకు చేతుల హునర్ ఉన్నది" అని మెటికలు విరిచింది.

లుబ్నా కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టింది. నాలుగు లైన్లు కూడా కాకముందే స్క్రీన్ మొత్తం నీలంగా మారిపోయింది. ఏదో ఇబ్బంది వచ్చింది, మళ్లీ మొదలుపెడతానని రాసి ఆరిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఒక్క లైను కూడా పూర్తి కానివ్వలేదు.

"జరుగు, నేను చూస్త" అని సాదత్ కూర్చున్నాడు. ఏమీ కాలేదు. మెయిల్స్ చదివాడు, పాత క్రికెట్ మ్యాచ్ చూశాడు, తన ఆఫీసు పని కూడా కొంత చేసుకున్నాడు. యంత్రం బుద్ధిగా ఉంది.

"చూసినవా? నేనుంటే మంచిగనే నడుస్తది. నీ చెయ్యి పడితేనే పోతున్నది."

"నా చేతిల ఏమున్నదండి? మంత్రమా?"

"కోపమెందుకు? ఉన్న మాట చెప్తున్న."

లుబ్నా కూర్చుంది. నీలం తెర. సాదత్ కూర్చున్నాడు. చక్కగా నడిచింది. అఫ్షీన్ సోఫాలోంచి తల ఎత్తకుండానే, ఇక్కడి బడిలో అబ్బిన యాసలో, "అమ్మీ, ఇట్ హేట్స్ యూ, లా" అంది. అన్వరి బేగం నజర్ తగిలిందని తేల్చి, వంటింట్లోంచి ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చి లాప్‌టాప్ చుట్టూ తిప్పింది. "అమ్మీ, ఉప్పు లోపల పడ్తది!" అని సాదత్ చేతులు అడ్డం పెట్టాడు.

ఆ సాయంత్రమంతా అతను ఊరుకోలేదు. విండోస్ అప్‌డేట్ చేశాడు, యాంటీవైరస్ తీసేశాడు, లుబ్నా దాచుకున్న ఫైళ్లు ఎక్కువయ్యాయని సగం వేరేచోటికి మార్చాడు, లాప్‌టాప్ వేడెక్కుతోందని టేబుల్ ఫ్యాన్ తెచ్చి దాని ముందు పెట్టాడు. లుబ్నా కూర్చోగానే మళ్లీ నీలం తెర.

ఆదివారం ఉదయం లేచేసరికి లుబ్నాకు ఏడుపు రావాల్సింది పోయి ఒళ్లు మండింది. ఆ మంటలోంచే ఎక్కడో పాత టెస్టర్ లేచి కూర్చుంది. ఒకేసారి అయిదు మారిస్తే ఏది తప్పో ఏ దేవుడూ చెప్పలేడని కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పిన మనిషి తను.

"ఇగ మీరేం ముట్టుకోకండి" అంది భర్తతో. "నేను చెప్పింది ఒక్కటే చెయ్యాలె. అది చూసినంకనే ఇంకోటి. ముందుగాల నిన్న వేసిన కొత్త మెమరీ తీసెయ్యండి."

సాదత్ మొహం చిన్నబోయింది. అయినా తీశాడు. లుబ్నా కూర్చుని టైపు చేసింది. నీలం తెర వచ్చింది. అది చూసి అతని మొహం పున్నమి చంద్రుడిలా వెలిగింది.

"అంటే తప్పు నా మెమరీది కాదు!"

"సంతోషపడేదానికి ఇదా టైము?"

తర్వాత, మెమరీని పరీక్షించే ప్రోగ్రామ్ ఒకటి ఆ లాప్‌టాప్‌లోనే ఉంటే దాన్ని నడిపించింది. అది నడుస్తున్నంతసేపూ ఎవరూ దాని జోలికి పోకుండా దూరంగా కూర్చుని చాయ్ తాగారు. తప్పేమీ లేదని ఆ ప్రోగ్రామ్ తేల్చింది. లుబ్నాకు ఇంకేం తోచలేదు. ఇలాంటి చిన్న విషయమే పట్టుకోలేని తనకు ఉద్యోగమెవరిస్తారని మొదటిసారి గుండె జారింది. "మీరొకసారి టైపు చెయ్యండి, చూస్త" అంది నీరసంగా.

సాదత్ రెండు చూపుడువేళ్లతో టకటకా కొట్టసాగాడు. సోఫాలో కూర్చుని మెంతాకు ఒలుస్తున్న అన్వరి బేగం ఫక్కున నవ్వింది.

"అరే, కోడి గింజలు ఏరినట్టు కొడ్తున్నవేందిరా! లుబ్నా చూడు, చేతులు ఆనించి, హార్మోనియం వాయించినట్టు ఎంత సక్కగ కొడ్తది!"

లుబ్నా చాయ్ కప్పు కింద పెట్టేసింది. భర్తను లేపి తను కూర్చుంది. ఏ కీ నొక్కకుండా, ఎడమ మణికట్టు మాత్రం లాప్‌టాప్ అంచు మీద ఆనించి కొంచెం బరువు పెట్టింది. నీలం తెర! మళ్లీ ఆన్ చేసి కుడి మణికట్టు ఆనించింది. ఏమీ కాలేదు. మళ్లీ ఎడమది ఆనించింది. నీలం తెర!

"ఈ ఎడమ దిక్కు కింద ఏమున్నది?"

"పాత మెమరీ" అన్నాడు సాదత్.

"పాతదాన్ని మీరు ముట్టుకోలే కదా?"

సాదత్ ఫ్యాన్ వైపు చూశాడు. తర్వాత తల్లి వైపు చూశాడు.

"సాదత్ సాబ్, మిమ్మల్నే అడుగుతున్న."

"దుమ్మున్నదని... తీసి, ఊది, మళ్ల పెట్టిన. అంతే."

లాప్‌టాప్ ఆపి, వైరు పీకి, వెనక మూత ఈసారి లుబ్నాయే విప్పింది. పాత మెమరీ పట్టీకి ఒక పక్క కొక్కెం పట్టుకుంది, రెండో పక్కది పట్టుకోలేదు. ఆ పక్కన పట్టీ గోరంత పైకి లేచి ఉంది. ఆమె చెయ్యి ఆనినప్పుడల్లా పైరేకు కాస్త వంగి దాన్ని కదిలిస్తోంది. సాదత్ గింజలేరే వేళ్లకు ఆ బరువు లేదు. ఎవరూ ముట్టుకోకుండా చేసిన పరీక్షలో అది దొరకనూ లేదు.

"గట్టిగ ఒత్తితే విరుగుతదేమోనని భయమైంది" అన్నాడు సాదత్ మెల్లగా. "నీ ఇంటర్వ్యూ పాడైతదని."

లుబ్నా నోటిదాకా వచ్చిన మాటలన్నీ వెనక్కి పోయాయి. దుప్పటి పరిచి, చేతులు కడుక్కుని, పసిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు పాపం. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. అతని బొటనవేలు పట్టుకుని పట్టీ మీద పెట్టి, పైన తన వేలు వేసి ఒత్తింది. టక్‌మంది. కొత్తదీ అలాగే పెట్టించింది. మళ్లీ టక్. తర్వాత ఎంత టైపు చేసినా నీలం తెర రాలేదు. లుబ్నా పంతం కొద్దీ రెండు మోచేతులూ ఆనించి మరీ చూసింది.

సోమవారం ఇంటర్వ్యూలో అవతలి ముగ్గురిలో మేనేజరు, "ఈ మధ్య మీరు కనిపెట్టిన తప్పు ఒకటి చెప్పండి" అని అడిగాడు. బ్యాంకు ప్రాజెక్టు గురించి ఎప్పటిదో ఒక జవాబు ఆమె కంఠతా పట్టి ఉంచింది. అది చెప్పబోయి, ఎందుకో ఆగి, మొగుడి మెమరీ కథ మొదలుపెట్టింది. కోడి గింజల దగ్గరికి వచ్చేసరికి అవతల ముగ్గురూ నవ్వేశారు. ఆ తర్వాత చాలాసేపు ప్రశ్నలడిగారు. ఒక్కదానికీ ఆమె తడుముకోలేదు. ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసుకు చెప్పి, గదిలో తలుపుకు చెవి ఆనించి నిలబడ్డ సాదత్‌కు నవ్వాలో ఉడుక్కోవాలో తెలియలేదు.

ఆ వారంలోనే ఉద్యోగం ఖాయమైంది. అన్వరి బేగం ఆ వరసలో ఉన్న ఫ్లాట్లన్నిటికీ ఖుబానీ మీఠా పంచింది. ఎవరు అడిగినా, అడగకపోయినా, కోడలు కొడుకు తప్పు ఎట్లా పట్టిందో మొదటి నుంచీ చెప్పింది. వెనకాల గిన్నెలు మోస్తున్న సాదత్ ప్రతి గుమ్మం దగ్గరా ఒక్కటే మాట అన్నాడు.

"నేను సరిగ్గ పెట్టి ఉంటే, ఇంటర్వ్యూల లుబ్నా ఏం చెప్పేదో అడుగుండ్రి!"