గోడ మీది బకెట్టు

డకార్‌లోని మెదీనా పేటలో చేపలమ్మే యాందె న్జాయ్ రోజూ పొద్దున్నే చేపలు కడిగిన నీళ్ళను సందు చివరి గోడకు విసిరికొట్టేది. సందులో అందరూ అక్కడే పారబోసేవారు కనుక అందులో తప్పేమిటో ఆమెకు తట్టలేదు. పాఠకులారా, నలుగురూ చేసే తప్పు తప్పులా కనిపించదు! మనవరాలు సోక్నా నెల తిరక్కుండా రెండుసార్లు వాంతులతో మంచం పట్టినా, ఆ నీళ్ళకూ ఈ జబ్బుకూ ఆమె ముడిపెట్టలేదు.

ఆ ఏడు కుర్రకారు పేటపేటనా చీపుళ్ళూ కుంచెలూ పట్టారు. చెత్త ఎత్తి శుభ్రం చేసిన ప్రతిచోటా గోడలకు బొమ్మలు వేశారు. ఈ గోడ న్గోనె జోప్ అనే పడుచుపిల్ల వంతుకు వచ్చింది. ఆమె రెండుసార్లు సముద్రం వేసింది. రెండుసార్లూ యాందె బకెట్టు దాన్ని పాడుచేసింది.

"సముద్రంలో నీళ్ళు పోస్తే తప్పా?" అంది యాందె.

మూడోసారి న్గోనె యాందెనే వేసింది. కొంగు బిగించి, మూతి ముడిచి, బకెట్టు ఎత్తిన నిలువెత్తు యాందె! సందంతా పగలబడి నవ్వింది. యాందెకు ఒళ్ళు మండింది. కానీ ఏం చేస్తుంది? న్జాయ్, జోప్ ఇంటిపేర్ల వాళ్ళకు తాతలనాటి వేళాకోళపు వరస. తిండిపోతులనీ దాసులనీ ఎంత వెక్కిరించుకున్నా, అందులో ఎవరు కోపం తెచ్చుకుంటే వారి పరువే పోతుంది.

"ఏమే అన్నం కుండా! తిండి ధ్యాస తప్ప ఇంకోటి లేని జోప్‌లకు కుంచె ఎవరిచ్చారే?"

"మా ఇంటి దాసి బొమ్మ మేం కాక ఎవరేస్తారు వదినా?"

మర్నాడు అలవాటు కొద్దీ యాందె మళ్ళీ బకెట్టుతో వస్తుంటే, ఎదురుగా కుంచెలు కడుగుతున్న న్గోనె నవ్వింది. ఊడ్చిన నేల మీద, సరిగ్గా బొమ్మ కింద, సోక్నా గులకరాళ్ళు ఆడుకుంటోంది. ఆ పిల్ల తలెత్తి బొమ్మను చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"పొయ్యకు నానమ్మా! బొమ్మలో నువ్వు నా మీదే పోస్తున్నావు!"

యాందె బకెట్టు దించింది. నిజమే, ఇన్నాళ్ళూ ఆ నీళ్ళు గోడ మీద కాదు, ఈ పిల్ల మీదే పడ్డాయి; ఆ వాంతులు అందుకే. సిగ్గును దాచుకుంటూ గొంతెత్తింది.

"ఏయ్ జోప్ పిల్లా! నవ్వింది చాలు, వచ్చి ఇటు పట్టు!"

ఇద్దరూ బకెట్టు చెరోవైపు పట్టుకుని, దారి పొడుగునా తిట్టుకుంటూ, పెద్దవీధి మురుగుకాలువ దాకా మోశారు. వెనక మరో ఇద్దరు ఆడవాళ్ళు తమ బకెట్లతో నడిచారు. నెల తిరిగేసరికి సందులోవాళ్ళు ఆ గోడ కింద చాప పరిచి టీ కాచుకుంటున్నారు. సోక్నా మళ్ళీ మంచం పట్టలేదు.

"వదినా, ఇక బకెట్టు చెరిపి చేతిలో పూలు పెడతా," అంది న్గోనె.

"చెరిపావంటే చెయ్యి విరుస్తా! పూలైతే చూసి మురిసి మా దారిన మేం పోయేవాళ్ళం. అందంగా ఉంటే సరిపోదే పిల్లా, బొమ్మన్నాక మనిషిని మార్చాలి. దాన్నలాగే ఉండనీ. పక్కన అన్నం కుండ పట్టుకున్న నిన్ను కూడా వెయ్యి!"