నలభై ఏడో నంబరు గింజ

నేను ఒక సమితిని. పదో తరగతి లెక్కల పుస్తకంలో రెండు మీసాల బ్రాకెట్ల మధ్య కూర్చుని మిమ్మల్ని భయపెట్టానే, ఆ వంశమే. కాకపోతే నాది కంప్యూటర్ జన్మ. పట్నంలో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబులో, ఫ్యాన్లు తిరగని ఒక మధ్యాహ్నం, లెక్చరర్ ఒకాయన నన్ను టైపు చేశాడు. నా కడుపులో మొదట పడ్డవి మామిడి, జామ, సీతాఫలం. ఆయన మామిడిని ఇంకోసారి వేశాడు. నేను తీసుకోలేదు.

"చూశారా, ఒకటి ఉన్నాక రెండోదాన్ని రానివ్వదు" అన్నాడు పిల్లలతో.

అదే నా గుణం. ఏదైనా నాలో ఒక్కసారే ఉంటుంది. పైగా నాకు వరస తెలియదు. ముందెవరు, వెనకెవరు అంటే చెప్పలేను. మనుషులకు ఈ రెండూ మింగుడుపడవని నాకు తొందరలోనే తెలిసొచ్చింది.

పెన్‌డ్రైవులో ఎక్కి నేను సునంద అనే విద్యార్థిని ల్యాప్‌టాప్‌లోకి చేరాను. ఆమె నాతో చేయించిన మొదటి పని వాళ్ల చిన్నమ్మ కూతురి పెళ్లి పిలుపులు. మగపెళ్లివారి చుట్టాలు ఒక సమితి, ఆడపెళ్లివారి చుట్టాలు ఒక సమితి. రెండింటి నడుమ ఒక నిలువు గీత పెడితే రెండూ కలిసి ఒక్కటవుతాయి. దాన్నే సమ్మేళనం అంటారు. రెండు జాబితాల్లో ఉన్నవాళ్లకు కూడా కార్డు ఒక్కటే పోయింది. అక్కడే వచ్చింది చిక్కు.

"ఇటు మేనమామను, అటు బావను. రెండు కార్డులు రావాలె గదా! ఏ చుట్టరికం తెంపుకున్నరో చెప్పుండ్రి" అని ఒక పెద్దమనిషి అలిగి, పెళ్లికి సరిగ్గా భోజనాల వేళకు వచ్చాడు.

ఇక అసలు కథ. సునందది ఎర్రగుట్ట. మెట్ట ఊరు. అక్కడి ఆడవాళ్ల సంఘానికి ఒక విత్తనాల గది ఉంది. గింజలకు బూడిద, వేపాకు కలిపి కుండల్లో పోసి, మూతులు పేడమట్టితో మెత్తి దాస్తారు. పక్క ఊరు దిబ్బనపల్లి సంఘానికీ అలాంటి గదే ఉండేది. మొన్నటి వానలకు దాని కప్పు కూలింది. తడవకుండా మిగిలిన కుండలను ఎడ్లబండిలో వేసుకుని ఎర్రగుట్టకు వచ్చారు. దిబ్బనపల్లివి ముప్పై ఏడు రకాలు, ఎర్రగుట్టవి నలభై ఒకటి. మొత్తం డెబ్బై ఎనిమిది కుండలు. గదిలో అరల మీద పట్టేవి యాభై.

ఏవి ఉంచాలో తేల్చడానికి సునంద నన్ను తెరిచింది. ఒకే గింజకు ఊరికో పేరుంటుందని పేర్లను ఆడవాళ్లు నమ్మలేదు. రెండూళ్ల గింజలను పక్కపక్కన చాటలో పోసి, వేళ్ల మధ్య నలిపి, కొరికి, వాసన చూసి, ఒకటే అనుకుంటే ఒకే నంబరు, వేరనుకుంటే వేరే నంబరు వేశారు. రెండు రోజులు పట్టింది. అంత ఓపిక నన్ను చేసిన లెక్చరరుకు కూడా లేదు.

దిబ్బనపల్లి సంఘం పెద్ద మొగులమ్మ. నోరున్న మనిషే. కానీ ఆ రోజు మెల్లగా మాట్లాడింది. ఇంకొకరి గడప తొక్కి జాగా అడగవలసి వస్తే మన ఆడవాళ్లు ఎలా ఒదిగిపోతారో మీకు తెలియనిది కాదు.

"బిడ్డా, రెండూళ్లల్ల ఉన్నయే పెట్టు. అవైతె అందరియి. ఉత్త మా ఊరియి పెడితె, దిబ్బనపల్లోళ్లు వచ్చి మా అరలు గుంజుకున్నరని రేపు మాట పడాలె" అంది.

రెండింటిలోనూ ఉన్నవాటిని మాత్రమే ఏరే గుర్తు వేరే ఉంది. దాని పని ఛేదనం. సునంద అదే నొక్కింది. నాకు నోరు లేదు. చెప్పిన పని చేశాను. ఇరవై తొమ్మిది రకాలు తేలాయి.

గోడవారగా పెంటమ్మ కూర్చుని ఉంది. దిబ్బనపల్లి మనిషి, డెబ్బై దాటిన వయసు. ఒళ్లో ఒక చిన్న కుండ. అందులో ఎర్రకొర్ర. తల్లిగారింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన గింజ. నిరుటి దాకా కౌలు చేనులో ఏటా ఇన్ని చల్లి, ఇన్ని దాచుకునేది. ఈ ఏడు చేను గలవాడు తానే దున్నుకుంటానన్నాడు. కొర్ర రెండేళ్లు కుండలోనే ఉండిపోతే మొలక నమ్మలేం. గదిలో చేరితే సంఘం వాళ్లు ఎవరో ఒకరు తీసుకుని చల్లుతారు. చేరకపోతే ఆ గింజ పెంటమ్మతోనే అయిపోతుంది.

"నాది నలభై ఏడో నంబరన్నవు గదనే. ఉన్నదా?"

సునంద తెర చూసింది. తల దించుకుంది. "లేదు పెద్దమ్మా."

"తీసేసినయి ఎన్ని?"

దానికీ నా దగ్గర ఒక గుర్తుంది. ఒక సమితిలోంచి ఇంకో సమితిలో ఉన్నవాటిని తీసేస్తే మిగిలేది భేదం. ఎర్రగుట్టవి పన్నెండు, దిబ్బనపల్లివి ఎనిమిది వచ్చాయి. సునంద ఒక్కో నంబరు చదువుతుంటే ఆడవాళ్లు పేరు చెబుతున్నారు. నల్ల అనుములు. పొట్టి కుసుమ. గుట్ట సామ. ప్రతిదానికీ పెంటమ్మది ఒకటే అడుగుడు: "ఇది ఇంకెవలి కాడన్న ఉన్నదా?" ప్రతిదానికీ ఒకటే జవాబు: లేదు.

చివరికి ఆమె మొగులమ్మ వైపు తిరిగింది. "మొగులీ, నీకు రెండు బర్లున్నయనుకో. ఒకటి పోతె ఇంకోటి పాలిస్తది. నాకున్నది ఒక్కటే. కొట్టంల జాగ ముందుగాల ఎవలి బర్రెకియ్యాలె?"

ఎర్రగుట్ట సంఘం అంజమ్మ పకపక నవ్వింది. "జాగ మాది, సిగ్గు మీదా? ఏం మాటలే ఇవి! సునందా, అన్ని కలిపితె ఎన్నయితయి?"

నిలువు గీత పడింది. నలభై తొమ్మిది! పెళ్లిలో మేనమామను అలిగించిన ఆ గుణమే ఇక్కడ పనికొచ్చింది. రెండుసార్లు వచ్చినవాటిని ఒక్కసారే తీసుకుంటాను కదా. యాభై కుండల జాగాలో ఇంకా ఒకటి మిగిలింది.

"మరి రెండూళ్లల్ల ఉన్న ఇరవై తొమ్మిదిట్ల ఎవలి కుండ ఉండాలె?" అని వెంటనే గొంతులు లేచాయి. ఆ సంగతి నాకు తెలియదు. ఏ గింజ ఏ ఊరి నుంచి వచ్చిందో నాకు గుర్తుండదు. సునంద అదే చెప్పింది. మొగులమ్మే ముందు లేచి, తమ పచ్చజొన్న కుండ మూతి మట్టి పగలగొట్టి ఎర్రగుట్ట పచ్చజొన్న కుండలో ఒంపి, రెండూళ్లదీ ఒకే కుండ చేసింది. పొద్దుగూకే దాకా ఒంపుళ్లే.

మరుసటి ఏడు అదే నెలలో మళ్లీ తెరిచారు నన్ను. ల్యాప్‌టాప్ ముసలిదైంది, తెర మీద ఒక అడ్డగీత కూడా వచ్చింది. ఆ వానాకాలం ఎవరి ఇంట ఏ గింజ పండిందో రెండూళ్ల లెక్క కొత్తగా ఎక్కించి, సునంద భేదం చూసింది. ఒక్క ఊళ్లోనే ఉన్న రకాలు నిరుడు ఇరవై. ఈసారి పదమూడు.

పెంటమ్మకు చూపు తగ్గింది. తెరకు దగ్గరగా జరిగి అడిగింది. "నలభై ఏడు ఉన్నదానే అండ్ల?"

"లేదు పెద్దమ్మా. ఎర్రగుట్టల నాలుగిండ్లల్ల పండింది. దిబ్బనపల్లిల రెండిండ్లల్ల."

"పోయిందా లిస్టుల కెళ్లి?"

"పోయింది."

తన గింజ జాబితాలో లేకుండా పోయినందుకు ఆ ముసలమ్మ పళ్లు లేని నోటితో ఎంతసేపు నవ్విందో! ప్రోగ్రాం ఆగగానే నా కడుపు ఖాళీ అవుతుంది. ఎప్పుడూ అంతే. ఇవాళ కాకపోతే రేపు ఈ ల్యాప్‌టాప్ కూడా పాత సామాన్లవాడి బండి ఎక్కుతుంది. ఎక్కనీ. నలభై ఏడు ఇప్పుడు ఆరిళ్లలో ఉంది.